గోదాలో ఆరు నిమిషాలు

విశాఖ బీచ్ రోడ్డులో నిలబెట్టిన విగ్రహాల్లో కోడి రామమూర్తి నాయుడు గారిది ఒకటి. వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో పెరిగి, మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, మళ్లీ విజయనగరం వచ్చి పిల్లలకు డ్రిల్లు నేర్పిన మనిషి. ఆ తర్వాత సర్కస్ కట్టి దేశమంతా తిరిగారు. 1942లో కన్నుమూశారు. ఈనాటికీ ఉత్తరాంధ్రలో బలం మాట వస్తే ఆయన పేరు రావాల్సిందే. ఛాతీకి ఇనుప గొలుసు చుట్టించుకుని ఊపిరి బిగబట్టి తెంచేవారు. రెండు చేతులకూ రెండు కార్లు కట్టించుకుని అవి కదలకుండా ఆపేవారు. ఛాతీ మీద ఏనుగును నిలబెట్టుకునేవారు.

ఆ విద్యలన్నిటి వెనకా ఊపిరి ఉంది. గుండెల నిండా గాలి పీల్చి, గొంతు దగ్గర మూసి, పొట్ట కండరాలు బిగిస్తే మొండెం లోపల ఒత్తిడి పెరుగుతుంది. వెన్నెముకకు ముందు నుంచి ఆసరా దొరుకుతుంది. మొండెం అంతా గట్టి స్తంభమై, చేతులూ కాళ్లూ పూర్తి బలం చూపించగలుగుతాయి. అయితే ఆ స్థితి కొన్ని సెకన్లు మాత్రమే. రక్తపోటు ఒక్కసారిగా పెరుగుతుంది, గుండెకు తిరిగి వచ్చే రక్తం తగ్గుతుంది, ఊపిరి వదలక తప్పదు. గొలుసు తెంచడానికి ఆ కొన్ని సెకన్లు చాలు. కుస్తీకి చాలవు. కొత్తగా గోదాలోకి దిగిన కుర్రాళ్లు అందరూ చేసే పొరపాటు ఇదే. ఎదుటివాడి చేయి తగలగానే ఊపిరి బిగబట్టేస్తారు. రెండో నిమిషానికల్లా కాళ్లు వణుకుతాయి. దానికి బలం లేకపోవడం కారణం కాదు, ఆ బలాన్ని ఆరు నిమిషాల మీద పరచడం తెలియకపోవడం కారణం.

ఆరు నిమిషాలని ఎందుకన్నానంటే, నేటి నియమం అది. ఒకప్పుడు కుస్తీకి గడియారం లేదు. 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో మార్టిన్ క్లైన్, ఆల్‌ఫ్రెడ్ అసికైనెన్‌ల సెమీఫైనల్ 11 గంటల 40 నిమిషాలు సాగింది. గెలిచిన క్లైన్ ఒంట్లో సత్తువ మిగలక ఫైనల్‌కు దిగలేకపోయాడు. అంతకు రెండేళ్ల ముందు, 1910 సెప్టెంబర్‌లో లండన్‌లో మన గామా పహిల్వాన్, పోలండ్ యోధుడు జిబిస్కో రెండున్నర గంటలకు పైగా తలపడ్డారు. జిబిస్కో చాలాసేపు బోర్లా పడుకుని పైకి లేవలేదు. వెల్లకిలా తిప్పితేనే గెలుపు అన్నది ఆనాటి లెక్క కాబట్టి, నేలను కరుచుకుని ఉన్నవాడిని ఓడించడం గామా తరం కాలేదు. కుస్తీ తేలలేదు. అదే పని ఈనాడు చేస్తే జిబిస్కో ఓడిపోతాడు. బోర్లా పడగొట్టి వెనక నుంచి అదుపులో పెట్టుకున్నందుకే గామాకు రెండు పాయింట్లు వస్తాయి, కదలకుండా పడుకున్నందుకు అవతలివాడికి హెచ్చరికలు పడతాయి.

ఏ ఎత్తుకు ఎంత ఫలితమో నియమం చెబుతుంది. ఆ ఫలితం కోసం శరీరం తయారవుతుంది. నియమం మారితే శిక్షణ మారాలి. మన ఉత్తరాంధ్ర తాలింఖానాల బలం కుస్తీలో ఒలింపిక్ పతకం దాకా ఎందుకు చేరలేదో అర్థం కావాలంటే ముందు ఈ సంగతి చూడాలి.

పోటీ చాప పన్నెండు మీటర్ల చదరం. దాని మీద తొమ్మిది మీటర్ల వ్యాసం ఉన్న వృత్తమే గోదా. వృత్తం అంచున మీటరు వెడల్పున ఇంకో రంగు పట్టీ ఉంటుంది. అందులోకి వచ్చారంటే గీత దగ్గర పడిందని కాళ్లకు తెలియాలి, ఎందుకంటే గీత దాటి కాలు బయట పెడితే అవతలివాడికి ఒక పాయింటు. ఒకరు ఎర్ర దుస్తులు, ఒకరు నీలం. రిఫరీ ఒక ముంజేతికి ఎర్ర పట్టీ, ఇంకో చేతికి నీలం పట్టీ వేసుకుంటాడు. ఏ చేయి ఎత్తి ఎన్ని వేళ్లు చూపిస్తే ఆ రంగుకు అన్ని పాయింట్లు. పక్కన జడ్జి, బల్ల దగ్గర చైర్మన్, ఈ ముగ్గురిలో ఇద్దరు ఒప్పుకుంటేనే పాయింటు నిలుస్తుంది.

మూడు నిమిషాల చొప్పున రెండు భాగాలు, నడుమ ముప్పై సెకన్ల విరామం. పడగొట్టి పైచేయి సాధిస్తే రెండు. వీపు చాప వైపు తొంభై డిగ్రీల కన్నా తక్కువ కోణంలోకి తిరిగితే ఇంకో రెండు. నిలబడ్డవాడిని ఎత్తి నేరుగా వీపు మీద వేస్తే నాలుగు, ఎత్తు బాగా ఉంటే ఐదు. కింద ఉన్నవాడు తప్పించుకుని పైకి వచ్చి అదుపు చేస్తే ఒకటి. ఫ్రీస్టైల్‌లో పది పాయింట్ల తేడా వస్తే కుస్తీ అక్కడికి ఆగిపోతుంది, గ్రీకో రోమన్‌లో ఎనిమిది చాలు. గ్రీకో రోమన్‌లో నడుము కింద పట్టు పట్టకూడదు, కాళ్లతో మెలి వేయకూడదు. ఆడవాళ్ల పోటీ ఫ్రీస్టైల్‌లోనే. అది 2004 ఏథెన్స్ నుంచి ఒలింపిక్స్‌లో ఉంది. ఈ లెక్కలన్నిటి పైన ఒకటుంది. రెండు భుజాలూ చాపకు ఆనించి ఒక్క క్షణం నొక్కి పెట్టగలిగితే చిత్తు. అప్పుడు పాయింట్ల పట్టికతో పని లేదు, తొమ్మిది పాయింట్లు వెనకబడి ఉన్నవాడు కూడా గెలుస్తాడు.

పాయింట్లు సమానమైతే ఏం చేస్తారని చాలామంది అడుగుతారు. ఎవరు పెద్ద ఎత్తు వేశారో చూస్తారు, తర్వాత ఎవరికి తక్కువ హెచ్చరికలు పడ్డాయో చూస్తారు, అప్పటికీ తేలకపోతే చివరి పాయింటు ఎవరిదో వారిదే గెలుపు. ఆఖరి అర నిమిషంలో ఆట అంత ఉద్రేకంగా మారేది ఈ చివరి నియమం వల్లే. కొట్టడం, కొరకడం, గొంతు నొక్కడం, జుట్టు పట్టడం, ఒకటి రెండు వేళ్లు విడిగా పట్టి విరవడం నిషేధం. ఒంటికి నూనె రాసుకుని రాకూడదు, చెమటతో తడిసి కూడా రాకూడదు.

ఈ నియమాలు చాలా పాతవేమీ కావు. 2013 ఫిబ్రవరిలో ఒలింపిక్ కమిటీ కార్యవర్గం కుస్తీని 2020 నుంచి తీసేయాలని సిఫారసు చేసింది. అప్పటిదాకా రెండేసి నిమిషాల భాగాలు మూడు ఉండేవి, దేనికదే విడి లెక్క. ఏ భాగంలోనైనా ఒక పాయింటు తెచ్చుకుని ఆ భాగంలో మిగతా కాలం పట్టుకు దొరకకుండా గడిపేయవచ్చు. చూసేవాళ్లకు విసుగు పుట్టింది. గండం ముంచుకొచ్చాక అంతర్జాతీయ సమాఖ్య కొద్ది నెలల్లోనే లెక్క మార్చింది. మొత్తం ఆరు నిమిషాల పాయింట్లూ కలిపేశారు, పడగొట్టడానికి ఒకటి కాకుండా రెండు ఇచ్చారు. ఆ సెప్టెంబర్‌లోనే కుస్తీ ఒలింపిక్స్‌లో నిలబడింది. మార్పు ఫలితం శిక్షణశాలల్లో కనిపించింది. దాచుకుని ఆడేవాడికి కాలం చెల్లింది, ఆపకుండా దాడి చేయగల ఊపిరి ఉన్నవాడిది పైచేయి అయింది.

ఒక దాడిని దగ్గరగా చూద్దాం. కుస్తీలో అన్నిటికన్నా ఎక్కువగా వాడే ఒంటికాలి పట్టు. ఇద్దరూ మోకాళ్లు వంచి, నడుము దించి, మోచేతులు పక్కటెముకలకు దగ్గరగా పెట్టుకుని నిలబడతారు. నడుము ఎందుకు దించాలంటే, శరీర గురుత్వకేంద్రం బొడ్డుకు కాస్త కింద ఉంటుంది, అది ఎంత కిందికి దిగితే మనిషిని పడదోయడం అంత కష్టం. అడుగున బరువు వేసుకున్న పడవ అలలకు తిరగబడనట్టే. ఎర్ర దుస్తుల కుర్రాడు ఎదుటివాడి మెడ మీద చేయి వేసి కిందికి లాగుతాడు. లాగితే ఎవరైనా తల పైకెత్తి వెనక్కి నెడతారు, అది ఆలోచించి చేసేది కాదు. ఆ నెట్టుడులో నీలం కుర్రాడి నడుము కాస్త లేస్తుంది, బరువు ముందుకాలి మీద పడుతుంది. ఎర్ర కుర్రాడు ఎదురుచూసింది సరిగ్గా దాని కోసమే. మోకాలు చాపకు తగిలేంతగా దిగి, ఒక్క అడుగులో లోపలికి చొచ్చుకుపోయి, తల అవతలివాడి పక్కటెముకలకు ఆనించి, రెండు చేతులూ మోకాలి వెనక బిగిస్తాడు. ఆ కాలు పైకి లేచింది. ఇంతవరకు నీలం కుర్రాడు నిలబడింది రెండు పాదాల నడుమ ఉన్న విశాలమైన జాగా మీద. ఇప్పుడు ఒక్క అరికాలంత జాగాయే మిగిలింది. గురుత్వకేంద్రం ఆ జానెడు చోటు దాటితే పడిపోవడమే. ఎర్ర కుర్రాడు బలంగా ఎత్తనక్కర్లేదు. భుజంతో తొడ మీద బరువు వేస్తూ, వృత్తంలో వెనక్కి నాలుగు అడుగులు నడిస్తే చాలు. రెండు పాయింట్లు.

దీనికి విరుగుడు ఉంది. చేతులు కాలికి తగిలీ తగలగానే నీలం కుర్రాడు రెండు కాళ్లూ వెనక్కి విసిరేసి, నడుము బరువంతా ఎర్ర కుర్రాడి భుజాల మీద పడేయాలి. నడుముకు దూరంగా భుజాల మీద అంత బరువు పడితే మీట సూత్రం ప్రకారం అది నడుము మీద ఎన్నో రెట్లయి కూర్చుంటుంది. లేవలేని ఎర్ర కుర్రాడి వెనక్కి తిరిగి నీలం కుర్రాడే రెండు పాయింట్లు తెచ్చుకుంటాడు. ఇదంతా సెకనులో జరిగిపోతుంది. కంటితో చూసి కదలడానికి మనిషికి సెకనులో ఐదో వంతు పైగా పడుతుంది, చర్మానికి తగిలిన స్పర్శకు అంతకన్నా త్వరగా కదలగలడు. అందుకే మంచి వస్తాదులు శిష్యుల చేతులు ఎప్పుడూ ఎదుటివాడి మణికట్టు మీదో మెడ మీదో ఉండేలా చూస్తారు. కళ్లు మూసుకుని పట్లు సాధన చేయించడం కూడా ఇందుకే.

విశాఖ పోర్టులో బస్తా మోసిన కళాసీ బలాన్ని, ఉక్కు కర్మాగారంలో వేడి ఇనుము పక్కన నిలబడే కార్మికుడి ఓర్పును నేను తక్కువ చేయను. కానీ బస్తా ఎదురు తిరగదు. ఎదుటి మనిషి బరువు ప్రతి క్షణం చోటు మారుతుంది. ఈ కదిలే బరువుతో పనిచేయడం, పని చేస్తూనే ఊపిరి తీసుకోవడం కుస్తీ అడిగే ప్రత్యేక శక్తి.

ఆ శక్తి మూడు చోట్ల నుంచి వస్తుంది. ఒక్కసారి విరుచుకుపడడానికి కండరంలో నిల్వ ఉన్న ఫాస్ఫోక్రియాటిన్ ఉంది, అది పది సెకన్లలో దాదాపు ఖాళీ. ఆ తర్వాత ఆక్సిజన్ అవసరం లేకుండా చక్కెరను విరగ్గొట్టే మార్గం, వేగం బాగుంటుంది గానీ కండరంలో ఆమ్లత పెరిగి పట్టు సడలుతుంది. విశ్రాంతిలో లీటరు రక్తంలో ఒక మిల్లీమోల్ దగ్గర ఉండే లాక్టేట్, గట్టి కుస్తీ ముగిసేసరికి పది దాటిపోతుంది. మూడోది ఆక్సిజన్ మార్గం. నెమ్మదిగా పనిచేసేది అదే, కానీ రిఫరీ ఆపిన ప్రతి విరామంలోనూ ఖాళీ అయిన మొదటి నిల్వను తిరిగి నింపేది కూడా అదే. గుండె, ఊపిరితిత్తుల దమ్ము ఎక్కువున్నవాడు ఐదో నిమిషంలో కూడా మొదటి నిమిషంలాగే విరుచుకుపడగలడు. 2016 రియోలో సాక్షి మలిక్ కాంస్య పోరు గుర్తుందా? విరామానికి 0-5తో వెనకబడింది. చివరి సెకన్లలో పడగొట్టి 8-5తో గెలిచింది. ఓడించినవారు ఫైనల్‌కు చేరితే ఓడినవారికి కాంస్యం కోసం మళ్లీ అవకాశం ఇచ్చే నియమమే ఆమెను ఆ బౌటు దాకా తెచ్చింది. ఆఖరి నిమిషానికి మిగిల్చుకున్న దమ్ము పతకం తెచ్చింది.

ముంజేతుల సంగతి వేరే చెప్పాలి. గట్టిగా బిగించిన కండరం తన లోపలి రక్తనాళాలను తానే నొక్కేసుకుంటుంది. రక్తం రాదు, ఆక్సిజన్ రాదు, పిడికిలి దానంతట అదే తెరుచుకుంటుంది. అనుభవం ఉన్నవాళ్లు అందుకే పట్టు అంతసేపూ పూర్తి బలంతో పట్టరు. బిగిస్తారు, వదులుతారు, మళ్లీ బిగిస్తారు.

మన పాత సాధనలో దండీలు, బస్కీలు, తాడు ఎక్కడం, పారతో గోదా మట్టి తవ్వడం, గద తిప్పడం ఉండేవి. ఇవి ఈనాటికీ పనికొస్తాయి. దండీ తీసేటప్పుడు నడుము వెనక నుంచి ముందుకు ఊగుతూ భుజం, వెన్ను, తుంటి కలిసి పనిచేస్తాయి. పార పట్టి తవ్వడం పిడికిలికీ నడుముకూ మంచి పని. వందల బస్కీలు తొడలకు ఓర్పు ఇస్తాయి. అయితే అవన్నీ ఒకే వేగంతో సాగే పనులు. ఆరు నిమిషాల నియమానికి కావలసింది విరుచుకుపడడం, ఊపిరి తీసుకోవడం, మళ్లీ విరుచుకుపడడం. కాబట్టి వాటికి తోడు ముప్పై సెకన్లు పూర్తి వేగం, ముప్పై సెకన్లు నడక చొప్పున పరుగులు కావాలి. మెడకు ప్రత్యేక వ్యాయామం కావాలి. సమాన బరువున్న జతగాడితో చాప మీద ఒకే పట్టును వందలసార్లు వేసి చూడడం కావాలి. అలసిన జతగాడి స్థానంలోకి ప్రతి నిమిషం కొత్తవాడిని దింపి ఒక్కడిని ఆరు నిమిషాలు నిలబెట్టడం, ఇదీ కావాలి. మొదటి వారాలు మాత్రం పట్ల జోలికి పోకుండా పడడం నేర్పాలి. గడ్డం ఛాతీకి ఆనించి, చేయి నేలకు ఊతంగా పెట్టకుండా, వీపు గుండ్రంగా చేసి దొర్లాలి. చాచిన చేతి మీద పడితే మణికట్టో మోచేయో పోతుంది.

స్వతంత్ర భారతానికి మొదటి వ్యక్తిగత ఒలింపిక్ పతకం తెచ్చిన ఖాషాబా జాదవ్ మట్టి గోదాలో తయారైనవాడు. 1948 లండన్‌లో చాపా కొత్తే, నియమాలూ కొత్తే, ఆరో స్థానంతో తిరిగి వచ్చాడు. ఆ నియమాలకు తగ్గట్టు సాధన చేసి 1952 హెల్సింకీలో కాంస్యం గెలిచాడు. ఉత్తరాంధ్రకు ఒంటి బలం కొత్త కాదు. ఆమదాలవలస దగ్గరి వూసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీలో వెయిట్‌లిఫ్టింగ్‌లో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఇక్కడి పిల్లలకు బలం కొరత లేదు. కొరత ఉన్నది చాప మీద గడిపే గంటలకు, తమతో సమానంగా తలపడే జతగాళ్లకు. కుస్తీ ఒంటరిగా నేర్చుకోగలిగిన విద్య కాదు. ఒక ఊళ్లో మంచి యోధుడు ఒక్కడే ఉండడు, ఉంటే ఇరవై మంది ఉంటారు.

ఇక విశాఖకు ప్రత్యేకమైన సమస్య చెమట. రెంటచింతలలో కాసేంత ఎండ ఇక్కడ కాయదు, కానీ సముద్రపు గాలిలో తేమ ఎక్కువ. పనిచేసే కండరం ఖర్చు పెట్టే శక్తిలో నాలుగో వంతు మాత్రమే కదలికగా మారుతుంది, మిగతాదంతా వేడి. ఆ వేడిని బయటికి పంపేది చెమట. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే సుమారు 580 కిలోకేలరీల వేడి పోతుంది. పూర్తిగా ఆవిరైతేనే సుమా. గాలి నిండా తేమ ఉంటే చెమట ఆవిరి కాదు, కారి చాప మీద పడుతుంది. అలా కారిపోయిన చెమట ఒంటిని చల్లబరచదు, నీళ్లూ ఉప్పూ మాత్రం తీసుకుపోతుంది. అందుకే మే నెల విశాఖలో సాధన తెల్లవారుజామునే కానివ్వాలి, గాలి ఆడే చోట కానివ్వాలి. కొత్తవాళ్లను పది పన్నెండు రోజులు కొద్దికొద్దిగా అలవాటు చేస్తే రక్తంలో ద్రవం పెరుగుతుంది, చెమట ముందే మొదలవుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది. సాధనకు ముందూ తర్వాతా తూకం చూసుకోవాలి. కిలో తగ్గితే లీటరు నీళ్లు పోయినట్టు, లీటరుంపావు దాకా తిరిగి తాగాలి. ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ, గంజి ఇందుకు చక్కగా సరిపోతాయి.

తూకం మాట వచ్చింది కాబట్టి కుస్తీలో నన్ను అన్నిటికన్నా కలవరపెట్టే విషయం చెప్పాలి. మగవాళ్ల ఒలింపిక్ ఫ్రీస్టైల్ 57 నుంచి 125 కిలోల దాకా, ఆడవాళ్లది 50 నుంచి 76 దాకా ఆరేసి తరగతులు. కింది తరగతిలో ఆడితే ఎదుటివాడు చిన్నవాడవుతాడని ఒంట్లో నీళ్లు పిండేసుకుంటారు. మన కండరాల్లో, కాలేయంలో నిల్వ ఉండే గ్లైకోజెన్ దాదాపు అర కిలో, ప్రతి గ్రాము దాదాపు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. అన్నం మానేస్తే ఆ రెండూ పోయి తూకం చకచకా తగ్గుతుంది. కానీ రెండో శక్తి మార్గానికి ఇంధనం ఆ గ్లైకోజెనే. రక్తంలో ద్రవం తగ్గితే గుండె ఎక్కువసార్లు కొట్టుకోవాలి, చెమట పట్టడం తగ్గి ఒంటి వేడి పెరుగుతుంది. 1997 చివర్లో అమెరికాలో ముగ్గురు కళాశాల మల్లులు ఇలాగే, రబ్బరు దుస్తులు తొడుక్కుని వేడి గదుల్లో వ్యాయామం చేస్తూ నెల రోజుల వ్యవధిలో చనిపోయారు. ఆ తర్వాత అక్కడ కళాశాల పోటీల్లో రబ్బరు దుస్తులు నిషేధించారు.

ఇప్పుడు ఒక్కో తరగతి పోటీ రెండు రోజులు, రెండు పొద్దులూ తూకం. 2024 పారిస్‌లో వినేశ్ ఫోగాట్ మొదటి రోజు 50 కిలోల్లో సరిపోయింది, మూడు కుస్తీలు గెలిచింది. అంతకుముందు అంతర్జాతీయ పోటీల్లో ఓటమి ఎరుగని యుయి సుసాకిని కూడా ఓడించింది. ఆ సాయంత్రానికి తిన్నదీ తాగినదీ కలిసి రెండున్నర కిలోలకు పైగా పెరిగింది. రాత్రంతా తగ్గించినా పొద్దున 100 గ్రాములు ఎక్కువ. ఫైనల్ పోయింది, పతకమూ పోయింది. అదే ఒలింపిక్స్‌లో అమన్ సెహ్రావత్ రాత్రికి రాత్రి పది గంటల్లో 4.6 కిలోలు తగ్గి 57 కిలోల కాంస్యం గెలిచాడు. ఇద్దరూ ఒకే ప్రమాదం గుండా వెళ్లారు. ఎదిగే వయసు పిల్లలకు మాత్రం ఈ దారి చూపించనే కూడదు. వాళ్లు మామూలుగా తిని ఉన్న తూకానికి దగ్గరి తరగతిలో ఆడాలి. రోజుకు కిలో తూకానికి ఒకటిన్నర గ్రాములకు పైగా ప్రోటీను అందాలి, పప్పు, పాలు, గుడ్లు, హార్బరులో దిగే చేపలు అందుకు చాలు. చోడి అంబలి, అన్నం మానేయనక్కర్లేదు, శక్తి వచ్చేది అక్కడి నుంచే.

చివరగా చెవులు, చర్మం. పాత మల్లుల చెవులు ముడుచుకుపోయి గడ్డకట్టి ఉండడం చూసే ఉంటారు. చెవి మృదులాస్థికి సొంత రక్తనాళాలు లేవు, పైనున్న పలుచని పొర నుంచే ఆహారం అందుతుంది. తల ఒరిపిడికి ఆ పొర ఊడి మధ్యలో రక్తం చేరితే మృదులాస్థి చచ్చి, ఆ చోట గట్టి కణజాలం పెరుగుతుంది. వాచిన మొదటి రెండు మూడు రోజుల్లోనే డాక్టరు దగ్గరికి వెళ్తే రక్తం తీసి కట్టు కట్టి చెవి ఆకారం కాపాడతారు, ఆ తర్వాత కష్టం. సాధనలో చెవి కవచం పెట్టుకుంటే ఆ అవసరం చాలావరకు రాదు. చర్మానికి పెద్ద బెడద తామర. మట్టి గోదాల్లో పసుపు, వేపాకు, నూనె కలిపేవారు. చాపను మాత్రం ప్రతి సాధనకూ ముందు క్రిమిసంహారక మందుతో తుడవాలి, తుడిచి ఆరనివ్వాలి. మన తేమలో అది ఆరడానికి ఎక్కువసేపు పడుతుంది కాబట్టి పిల్లలు వచ్చే అరగంట ముందే ఆ పని ముగించాలి. మచ్చ కనిపించిన పిల్లవాడిని డాక్టరు సరేననేదాకా చాప ఎక్కనివ్వకూడదు. పోటీ రోజున డాక్టరు చూసేది కూడా అదే. ఒంటి మీద అంటుమచ్చ ఉంటే తూకం సరిపోయినా దింపరు.